కూలి కోసి కొన్న వెండి

గత మాసములో అల్లవరము మండలములోని ఒక గ్రామమునకు గృహప్రతిష్ఠ ప్రార్థనకై వెళ్లితిని. ఆ యింటి యజమానుడు మన సంఘస్థుడే. కువైటులో పదునెనిమిది సంవత్సరములు కష్టపడి, కొబ్బరితోట చివర రెండంతస్తుల యిల్లు కట్టుకొన్నాడు. ప్రార్థన ముగిసి భోజనములకు ఆకులు వేయుచుండగా, అతడు నన్ను ముందుగదిలోనికి తీసికొనిపోయి ఒక అద్దాల బీరువా చూపించెను. లోపల చిన్న దీపములు వెలుగుచుండెను. పింఛము విప్పిన నెమలి, హంసల జంట, ఎడ్లబండి, తెరచాప ఎత్తిన పడవ, గుఱ్ఱపు రథము, ఒక కొబ్బరిచెట్టు, ఇట్లు అన్నియు వెండివే. లెక్కించితిని, ఇరువది మూడు.

"ఆయ్, అన్నీ చేతిపనేనండి అయ్యగారూ. ఏడాదికి రెండు మూడు చొప్పున పోగేశాను" అని అతడు సంతోషముతో చెప్పెను.

చేసినవారెవరని అడిగితిని. తెలియదనెను. కొన్నిటిని అమలాపురములోను, కొన్నిటిని హైదరాబాదులోను కొన్నాడు గాని అవి ఎక్కడ తయారైనవో కూడ తెలియదు. మజూరీ ఎంత యిచ్చితివని అడిగితిని. ఇది మాత్రము అతనికి బాగుగా తెలియును. "మజూరీ దగ్గర ఊరుకుంటానాండి? వాళ్లు చెప్పినదాంట్లో సగానికి సగం కోయించేశాను."

"మరి వెండి ధరలో ఎంత కోయించావు, అబ్బాయీ?" అంటిని.

అతడు నవ్వెను. "వెండి రేటు ఎవరు తగ్గిస్తారండి? అది పేపర్లో వస్తుంది కదా."

ఆ మాట నాతోకూడ ఇంటికి వచ్చినది. అతనిని నిందించుటకు నేనిది వ్రాయుట లేదు. మనలో అనేకులము చేయుచున్నదానిని అతడు దాపరికము లేక చెప్పెను, అంతే. ఇట్టి వస్తువులో వెండి యొక భాగము, దానిని మలచిన చేయి యొక భాగము. వెండికి అడిగినంతయు ఇచ్చుచున్నాము. చేతికి అడిగినదానిలో సగము ఇచ్చుచున్నాము. పిమ్మట ఆ వస్తువును అద్దము వెనుక నిలిపి, చూడవచ్చినవారితో ఇది చేతిపని యని గొప్పగా చెప్పుకొనుచున్నాము. ఏ భాగమును మనము తక్కువచేసి కొన్నామో ఆ భాగమును చూపియే మెప్పు సంపాదించుకొనుచున్నాము. ఇది సహింపరాని సంగతి యని నా మనవి.

ఆ భోజనపు పంక్తిలోనే పొరుగూరి బోధకుడైన యొక సహోదరుడు వేరొక మాట చెప్పెను. "అయ్యగారూ, అవన్నీ విగ్రహాలే కదండీ. కరిగించెయ్యమని చెప్పరాదా?" ఈ మాటను కూడ నేనొప్పుకొనను. ఎడ్లబండికి ఎవడు మ్రొక్కుచున్నాడు? ప్రత్యక్షగుడారపు పనికి బెసలేలు పేరుపెట్టి పిలువబడెననియు, వెండి బంగారముల పనిలో అతని నేర్పు పైనుండి కలిగినదనియు నిర్గమకాండము 31వ అధ్యాయము తెలుపుచున్నది. ఎఫెసు పట్టణపు దేమేత్రిని చూపి నన్ను గద్దించువారుందురు. అతడు అర్తెమి దేవికి వెండి గుళ్లు చేయించి అమ్మి, తన లాభము పోవునను భయముచేత ఊరంతయు రేపినవాడు. అతని పక్షముగా వాదించుటకు నేను రాలేదు. అయితే తన పనివారిని పిలిచి, ఈ పనివలననే మనకందరికి జీవనము జరుగుచున్నదని అతడు వారియెదుట చెప్పెను. వెండి వస్తువు వెనుక బ్రదుకవలసిన మనుష్యులున్నారని ఆ అన్యునికి తెలిసియుండెను. మన బీరువాలకు ఆపాటి తెలివి కూడ లేదు.

ఆ మనుష్యులు ఎట్టివారో చూడవలెనన్న కోనసీమ విడిచి కొంత దూరము పోవలెను. మన అమలాపురపు కంసాలులు పట్టీలు, మొలత్రాళ్లు, కుంకుమభరిణెలు చేయుదురు. నెమళ్లు, రథములు మొదలైన వెండి తీగెపనికి తెలుగునాట పేరుగన్న ఊరు కరీంనగరము. దీనినే ఫిలిగ్రీ యందురు. సుమారు రెండు వందల యేండ్ల క్రిందట మానేరు ఒడ్డునున్న ఎల్గందులలో ఈ పని వేరూనినదని చెప్పుదురు. జిల్లా కచ్చేరీ కరీంనగరమునకు తరలిన పిమ్మట పనివారును అక్కడికి చేరిరి. నిజాము కాలపు దొరల యిండ్లకు పాన్‌దానులు, అత్తరుదానులు, పన్నీరుబుడ్లు వీరి చేతులనుండి పోయెడివి.

నేను హైదరాబాదులో దైవశాస్త్రము చదువుకొను దినములలో, 1996లో, కరీంనగరపు సహపాఠి యొకడు నన్ను తన ఊరికి తీసికొనిపోయి ఒక పనివాని యింట కూర్చుండబెట్టెను. ఉదయమునుండి మధ్యాహ్నము వరకు చూచితిని. ముందుగా వెండిని మూసలో కరిగించి కడ్డీగా పోసిరి. దానిని సుత్తెతో సాగగొట్టి, కమ్మచ్చు బెజ్జములలోనుండి లాగిరి. కమ్మచ్చనగా వరుసగా సన్నబడు బెజ్జములుగల ఉక్కురేకు. ఒక బెజ్జమునుండి మరియొకదానికి, కాల్చుచు లాగుచు, తుదకు తల వెండ్రుకవంటి తీగె వచ్చువరకు ఆ పని సాగెను. అట్టి తీగెలు రెండు కలిపి పేని, అణచి చదును చేసిరి. మందపు తీగెతో ఆకు ఆకారమున చట్రము కట్టిరి. ఆ చట్రములోపల సన్నతీగెను పట్టుకారుతో చుట్టలు చుట్టలుగా మడిచి, సందు లేకుండ నింపిరి. ఒక గోరంత ఆకులో ఎన్ని చుట్టలున్నవో నేను లెక్కింపబోయి మధ్యలో తప్పిపోయితిని.

అటుపిమ్మట అతికించుట. వెలిగారమును, టంకపు పొడిని చల్లి మంట ఊదవలెను. మంట చాలకున్న అతుకదు. రెప్పపాటు ఎక్కువైన ఆ వెండ్రుకతీగె కరిగి ముద్దయగును, ఆ ఉదయపు పని యంతయు పోవును. నెమలి యొకటి చేయవలెనన్న ఈలాగున రెక్క వేరుగ, మెడ వేరుగ, పింఛములోని కన్నులు వేరువేరుగ చేసి, అన్నిటిని కలిపి నిలుపవలెను. కడపట పలుచని ఆమ్లములో ముంచి, కుంకుడునీళ్లతో తోమగా మసిబారినది తెల్లబడును. ఆ పనివానికి అప్పటికి నలువది యేండ్లు నిండలేదు. అతని కండ్లద్దములు మా తాతగారి కండ్లద్దములకంటె మందముగా నుండెను.

ఇప్పుడు నా తప్పు చెప్పుకొనవలెను. మా అమ్మకొరకు చిన్న పెట్టె యొకటి కొనదలచితిని. వెండి ఖరీదు కట్టి, పైన మూడు వందల రూపాయలు మజూరీ అనెను. నేను రెండు వందలంటిని. వేదాంత విద్యార్థిని, జేబులో డబ్బు తక్కువ యని నన్ను నేను సమర్థించుకొనవచ్చును. కాని వెండి ఖరీదులో ఒక్క రూపాయియైనను తగ్గించుమని అడుగుట నాకు తోచనేలేదు. అతడు కొంతసేపు ఊరకుండి, "ఎండి రేటు నా చేతుల లేదు సార్. నా చేతుల ఉన్నది నా పనొక్కటే. మీరు దాన్నే తగ్గియ్యమంటున్నరు" అనెను. అయినను రెండు వందలకే ఇచ్చెను. ఆ సాయంకాలము అతనికి ఆ రెండు వందలు కావలసియుండెను, నాకది తెలిసియు తీసికొంటిని.

ఈ పని బరువులో తక్కువ, శ్రమలో ఎక్కువ. చిక్కంతయు అక్కడనే పుట్టుచున్నది. పోతపోసిన బొమ్మలో వెండి ఎక్కువ, పని తక్కువ. తీగెబొమ్మలో గాలియే సగము. త్రాసులో పెట్టి కొనువానికి తీగెబొమ్మ ఎప్పుడును ప్రియముగా కనబడును. "ఇంత తేలికగా ఉంది, ఇంత ధరేమిటి?" అని అడుగుదుము. తేలికగా నుండుటకే అతడు అన్ని దినములు కూర్చున్నాడని మనకు తోచదు.

వెండి ధర పెరిగినకొలది ఈ అన్యాయము మరింత పెరుగును. 2025 డిసెంబరులో కిలో వెండి రెండు లక్షల రూపాయలు దాటినది. ధర పెరిగెను గనుక వెండిపనివాడు బాగుపడెనని అనుకొనువారున్నారు. పొలము పనికి పోవువారు దీనిని సులభముగా గ్రహింతురు: బియ్యపు ధర పెరిగినప్పుడు నాట్లు వేయువారి కూలి దానంతట అది పెరిగినదా? వెండి అతనిది కాదు. తన సొమ్ముతో కడ్డీ కొని సరకు చేసి నిలువపెట్టుకొనగల పనివాడు పదిమందిలో ఎవడో యొకడుండును. తక్కినవారు వెండి యిచ్చినవారి దయమీద నడువవలసినదే. కొనువాని సంచిలో డబ్బు అంతే యున్నది. వెండి ఎక్కువ తినివేసినయెడల మిగిలినదే చేతికి వచ్చును. ఇది చూచి పనివాని కుమారుడు ఆ పీటమీద కూర్చుండక వేరుపని వెదకుకొనిన, వానిని ఎవరు తప్పుపట్టగలరు?

ప్రభుత్వము గౌరవించుట లేదా యని అడుగుదురు. గౌరవించినది. కరీంనగరపు తీగెపనికి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. 2023లో ఢిల్లీలో జరిగిన జి-20 సభకు వారిచేత అశోకచక్రపు బ్యాడ్జీలు చేయించిరి. నేను సంతోషించితిని. ఒడిశాలోని కటకపు తారకాసి పనికిని 2024లో గుర్తింపు కలిగెను. అయితే ఈ గుర్తింపు వస్తువు పేరును కాపాడును; వేరొక ఊరివాడు ఆ పేరు పెట్టుకొని అమ్మకుండ అడ్డగించును. మజూరీని ఎవడును కోయకుండ అడ్డగించు చట్టమేదియు దానిలో లేదు.

హాల్‌మార్కు సంగతియు అట్టిదే. వెండిమీద 925 అని యున్నయెడల వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి యని అర్థము. 2025 సెప్టెంబరు 1వ తేదినుండి వెండికి కూడ ప్రత్యేక గుర్తింపు సంఖ్యతో ముద్ర వేయు పద్ధతి వచ్చెను. దానిని అప్పుడు తప్పనిసరి చేయక అమ్మువారి యిష్టమునకు విడిచిరి. మంచిదే. మోసపోకుండ అడిగి చూచుకొనుడి. లోహములో కల్తీ లేదని ఆ ముద్ర సాక్ష్యమిచ్చును. పనివాని కూలి పూర్తిగా ముట్టినదని సాక్ష్యమిచ్చు ముద్ర నేనింతవరకు ఏ వస్తువుమీదను చూడలేదు.

మోసపు మాట వచ్చినది గనుక మరియొకటి. పెండ్లిండ్లలో బహుమానములుగా తిరుగుచున్న జర్మన్ సిల్వరు వస్తువులలో వెండి బొత్తిగా లేదు. అది రాగి, నికెలు, తుత్తునాగముల మిశ్రమము. రంగు చూచి ఆ పేరు పెట్టిరి. ఇంకొక రకమున్నది: లోపల రెజిను అను బంకముద్ద, పైన విద్యుచ్ఛక్తితో పట్టించిన వెండిపొర. పొరమట్టుకు శుద్ధమైన వెండియే గనుక 999 అని పెద్ద అక్షరములతో వ్రాయుదురు. అచ్చులో యంత్రముతో నొక్కిన రెండు చిప్పలను కలిపి బొమ్మ చేయుటయు కలదు. యంత్రపు వస్తువు కొనుట పాపమని నేననను. మన గొఱ్ఱు, మన కుట్టుమిషను యంత్రములు కావా? అయితే దానిని చేతిపని యని చెప్పి చూపించుట అబద్ధము. కువైటు సహోదరుని బీరువాలోని ఇరువది మూడింటిలో నాకు తెలిసినంతవరకు చేతిపనివి నాలుగో అయిదో. ఒకే అచ్చునుండి వచ్చిన హంసలకు కుడి రెక్కలో ఒకే నొక్కు రెండింటికిని ఉండెను.

"అయ్యగారూ, ఇదంతా పొదుపు కోసమండి. పిల్ల పెళ్లికి అక్కరకొస్తుంది" అని తల్లులు చెప్పుదురు. న్యాయమైన మాటయే. అట్లయిన కడ్డీ కొనుడి. కడ్డీకి మజూరీ లేనట్టే లెక్క. అమ్మునప్పుడు నష్టము తక్కువ. నెమలిని అమ్మబోయిన కొట్టువాడు త్రాసులో వేసి, తరుగు తీసి, వెండి ఖరీదే కట్టును. పింఛములోని కన్నులకు అతడు పైసా ఇయ్యడు. మూసలో పడినప్పుడు పనివాని పది దినములు పది నిమిషములలో పోవును. పొదుపు చేయవచ్చును, కళను ఆదరింపవచ్చును. ఈ రెండును ఒక్క వస్తువుమీద ఒక్క రూపాయితో చేయజూచువాడు పనివాని కూలిలోనుండియే ఆ తేడా పిండుకొనును.

ఆ డబ్బు బీదలకిచ్చుట మేలు కదా యని మరియొకరు అడుగుదురు. బీదలకిచ్చుట మేలే, ఇయ్యుడి. కాని కరీంనగరపు పీటమీద కూర్చున్నవాడు ధనవంతుడా? అతని కూలిలో నూరు రూపాయలు కోసి, ఆ నూరు ఆదివారము చందాసంచిలో వేసినయెడల ధర్మము చేసితిమా? ఆ చందా అతడు వేసినది. పేరు మాత్రము మనది. కూలి బిగబట్టుటను గురించి యాకోబు 5వ అధ్యాయములో వ్రాయబడినది ధనవంతులైన భూస్వాములకే యని మన గ్రామములలో వాడుకగా బోధించుదుము. బేరమాడు జబ్బకు అది వర్తించునని నేను నా యిరువది యేండ్ల పరిచర్యలో ఒక్కసారియైనను బోధించియుండలేదు.

ఇది దూరపు ఊరి సంగతి యని మనము తప్పించుకొనుటకు వీలులేదు. సఖినేటిపల్లి రేవు దాటిన నరసాపురము. అక్కడి లేసుపని మిషనెరీల చేతుల మీదుగా 19వ శతాబ్దములో మన స్త్రీలకు వచ్చినది. మా అమ్మమ్మ ఆ పని చేసినది. అరుగుమీద కూర్చుండి, వంట ముగిసిన పిమ్మట దీపము ఆరువరకు, కుట్టుకొక్కెముతో అల్లెడిది. ఆమెకు కూలి దారపు లెక్కన. ఎంత దారము అల్లిన అంత. ఆ పూవు ఎంత కష్టమైనదో అన్న లెక్క లేదు. వెండిని త్రాసుతో కొలిచినట్టే దారమును కొలిచిరి, చేతిని కొలువలేదు. జర్మనీ దేశపు పండితురాలు మరియా మీస్ నరసాపురపు లేసు స్త్రీలను గురించి 1982లో గ్రంథము ప్రకటించి, ఇంటిపట్టున తీరికవేళ చేయుపని యను పేరుతో వారికి ఎంత తక్కువ ముట్టుచున్నదో లోకమునకు చూపెను. మన లేసుకును 2024లో భౌగోళిక గుర్తింపు కలిగినది. అమ్మమ్మ వ్రేళ్లు చివరికి సరిగా ముడుచుకొనెడివి కావు. ఆ లేసు విదేశపు భోజనపు బల్లమీద పరచినవారు తక్కువ ధరకు దొరికినదని సంతోషించియుందురు, ఇప్పుడు మనము నెమలిని చూచి సంతోషించుచున్నట్లే.

ఇక మన సంఘముల సంగతి. అతిథి వచ్చిన ఒక వెండి జ్ఞాపిక, కాపరి బదిలీయైన ఒక వెండి పడవ, జూబిలీ వచ్చిన ఒక వెండి ఫలకము. వేదిక మీద ఫోటో తీసిన తరువాత ఆ వస్తువు ఎక్కడికి పోవునో నాకు తెలియును. నా యింట మంచము క్రింద అట్టివి ఏడు డబ్బాలున్నవి. ఒకదానిమీద నా పేరు తప్పుగా చెక్కబడినది. న్యాయాధిపతుల గ్రంథములోని మీకా తల్లి వెయ్యిన్ని నూరు రూకలు ప్రతిష్ఠించితినని చెప్పి, కంసాలి చేతికి రెండు వందలే ఇచ్చినది. తక్కిన తొమ్మిది వందలు ఏమైనవో గ్రంథము చెప్పదు గాని, మన కమిటీ లెక్కలు చూచినప్పుడు ఆమె నాకు జ్ఞాపకమునకు వచ్చును.

మా సంఘపు కమిటీ ఈ సంవత్సరము కోతపండుగకు ప్రభురాత్రి భోజనపు దృశ్యముతో పెద్ద వెండి ఫలకము కొనవలెనని తలపెట్టినది. ధర కాగితములు మూడు వచ్చినవి. అందరును వాటిలో ఒక్క గడినే చూచుచున్నారు: మజూరీ ఎవడు తక్కువ వేసెనని. నేను ఎదురాడితిని. గుడి పడమటి వైపున రేకులు కారుచున్నవి; ముందు వాటిని వేయుడంటిని. వెండి వస్తువు ఉండియే తీరవలెనన్నయెడల చిన్నదే కొందము, చేసినవాని యింటికి పోయి కొందము, అతడడిగిన మజూరీ ఇత్తము, అతని పేరును ఊరిని కాగితముమీద వ్రాసి వస్తువు ప్రక్కన ఉంచుదమంటిని. "పాస్టరుగారికి కరీంనగరం పిచ్చి పట్టింది" అని ఒక పెద్ద నవ్వెను. పట్టినదనుకొనుడి.

2018లో ఒక సభకు కరీంనగరము పోయినప్పుడు ఆ యింటిని వెదకితిని. ఆ వీధి గుర్తుపట్టితిని గాని ఆ యింటి చోట సెల్‌ఫోనులు బాగుచేయు కొట్టుండెను. ఆ పనివానిని గురించి అక్కడి కుఱ్ఱవానికి ఏమియు తెలియలేదు. మా అమ్మ పోయినది. ఆమె పెట్టె నా భార్య వద్దనున్నది; అందులో సూదులు, గుండీలు వేసికొనును. మూతమీది ఆకులో ఒక తీగెచుట్ట కూడ ఇంతవరకు ఊడలేదు.

కమిటీ మరల మూడవ ఆదివారము ఆరాధన పిమ్మట కూడును. ఆ మూడు ధర కాగితములు నా బైబిలులోనే పెట్టుకొని యున్నాను. మజూరీ గడిమీద ఎవరైన కలము పెట్టినయెడల, వెండి గడిమీద కూడ అంతే కోయుడని అడుగుదును.